దెబ్బ తిన్న తలకాయనే పట్టుకొని ‘ఓకేనా’ అని అడిగితే ఎట్ల సార్

హైదరాబాద్ గ్రౌండ్లల్ల పిల్లలకు క్రికెట్, ఫుట్‌బాల్ నేర్పే కోచ్ సార్లకు, అకాడమీలు నడిపేటోళ్ళకు, ఆదివారం లీగులు పెట్టే అన్నలకు, స్కూళ్ళల్ల పీఈటీ సార్లకు, మేడమ్‌లకు బహిరంగ లేఖ

అందరికీ నమస్తే.

నా ముఖం చూస్తే మీల చానామంది గుర్తుపడ్తరు, పేరు మాత్రం తెల్వదు. బౌండరీ అవతల చెట్టు కింద, చెట్టు లేకపోతే షామియానా కింద, అది కూడ లేకపోతే ఎవరిదో కారు డిక్కీ లేపి ఆ నీడకు ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని స్కోర్ బుక్ రాసేటోన్ని. వారమంతా రాణిగంజ్‌ల ఒక మోటర్ల దుకాణంల లెక్కలు రాస్త, ఆదివారం గ్రౌండ్‌ల పరుగులు రాస్త, 2006 సంది ఇదే పని. డాక్టర్‌ను కాదు, కోచింగ్ సర్టిఫికెట్ లేదు, పెద్ద ప్లేయర్‌ను అసలే కాదు. కోపంతోని రాస్తున్నడు అనుకోకండి, కోపం అయితే ఉన్నది గాని అది మీ మీద కన్న నా మీద నాకే ఎక్కువ, ఎందుకో చెప్త.

ముందు మా బుక్ సంగతి. స్కోర్ బుక్‌ల ప్రతి దానికి ఒక గుర్తు ఉంటది. పరుగు రాకపోతే చుక్క, వైడ్‌కు ఒకటి, నోబాల్‌కు ఒకటి, దెబ్బ తాకి బయటికి పోతే రిటైర్డ్ హర్ట్. మరి బౌన్సర్ వచ్చి పిల్లగాని హెల్మెట్‌కు ఠాప్‌మని తగిలి, వాడు రెండు సెకండ్లు తల విదిలిచ్చుకొని, గ్లోవ్ లేపి "ఓకే ఓకే" అని మళ్ళ స్టాన్స్ తీసుకుంటే ఏం రాయాలె? చుక్క. అంతే. అదే బాల్ హెల్మెట్‌కు తగిలి ఫైన్ లెగ్ బౌండరీ దాటిందనుకోండి, లెగ్ బై 4, వాని తలకాయ మీదికెల్లి టీమ్‌కు నాలుగు పరుగులు, నేను ఎక్స్‌ట్రాల గడిల నీట్‌గ రాసుకుంట, అవతల టెంట్‌ల సప్పట్లు కొడ్తరు. ఇన్ని ఏండ్లల్ల ఎన్ని తలలకు ఎన్ని బాల్స్ తగిలినయో నా బుక్కులు అన్ని తిరగేసినా తెల్వది, ఎందుకంటే అన్ని చుక్కలల్ల కలిసిపోయినయి.

పోయిన ఎండాకాలం అట్లాంటి చుక్క ఒకటి మా ఇంట్లనే పడ్డది.

మా అక్క కొడుకు, 14 ఏండ్లు, కీపింగ్ చేస్తడు, ఫిఫ్త్ డౌన్ బ్యాటింగ్. ఆ రోజు స్కోరింగ్ నాదే. షార్ట్ బాల్‌కు కిందికి వంగుదామని చూసిండు, అది లేవలే, ఎడమ చెవి పైన హెల్మెట్‌కు తగిలింది. అంపైర్ అడిగిండు, కోచ్ బయటికెల్లి అరిచిండు "ఓకేనా?" అని, వీడు బొటనవేలు చూపెట్టిండు. నేను చుక్క పెట్టిన. డ్రింక్స్‌కు వచ్చినప్పుడు నా దగ్గర నిలబడి "మామా స్కోరెంత" అన్నడు, 84 అన్న. గ్లూకోజ్ నీళ్ళు తాగి మళ్ళ "మామా స్కోరెంత" అన్నడు, చెప్పిన. ప్యాడ్ స్ట్రాప్ సర్దుకొని పోబోతూ మూడోసారి అడిగిండు, ముందట స్కోర్‌బోర్డు మీద అంత పెద్ద అంకెలు ఉన్నయి, నేనేమన్ననో తెలుసా, "ఏంరా, రేపటి సంది బాదం తినాలె నువ్వు" అని నవ్విన. మూడుసార్లు అడిగినోన్ని నేను నవ్వి పంపిచ్చిన సార్, ఇంక నాకు నేను ఏం చెప్పుకోవాలె.

తర్వాత వాడు ఇంక ఐదు ఓవర్లు ఆడిండు. లంచ్ సరిగ తినలే. కీపింగ్‌ల ఈజీ క్యాచ్ చేతుల పడి జారింది, ఇంకో బాల్ బై పోయింది, "నిద్రపోతున్నవా" అని అరుపులు. సాయంత్రం నా స్కూటర్ వెనక కూసున్నడు, సంగీత్ సిగ్నల్ దగ్గర ఆగితే "మామా ఆ లైట్లు కండ్లల్ల గుచ్చుతున్నయి" అన్నడు, ఎండ దెబ్బ అనుకున్న. ఇంటికి పోయినంక వాష్ బేసిన్‌ల వాంతి, అరగంటకు ఇంకోటి. గప్పుడు దవాఖానకు ఉరికినం. సీటీ స్కాన్ తీసిన్రు, నార్మల్ అని వచ్చింది. మా అక్క తెల్లారి తాడ్‌బండ్ హనుమాన్ గుడికి పోయి కొబ్బరికాయ కొట్టొచ్చింది.

డాక్టర్ అయితే మాతోని సంబరపడలే. సీటీల కనపడేది నెత్తురు కారిందా, బొక్క పగిలిందా అనేది, అవి లేవు, సంతోషం, కాని వీనికి కంకషన్ అయింది, అంటే లోపల మెదడు అదిరింది, అది ఫోటోల పడదు అన్నడు. తర్వాత మూడు వారాలు ఇంట్ల చూసినం కంకషన్ అంటే ఏందో. ట్యూబ్‌లైట్ వేస్తే దుప్పటి కప్పుకుంటుండె. లెక్కలల్ల 90 తగ్గని పోరడు, ఎక్కం మధ్యల ఆగిపోయి గోడ దిక్కు చూస్తుండె. చెల్లె టీవీ సౌండ్ పెంచిందని రిమోట్ విసిరేసి, పది నిమిషాలకు వాడే కూసొని ఏడ్చిండు, ఎందుకు ఏడుస్తున్నవంటే తెల్వదన్నడు. ఇదంతా నడుస్తున్నప్పుడే, ఐదో రోజు, అకాడమీ నుంచి ఫోన్. "స్కాన్ నార్మలే కదా సార్, శనివారం సెలక్షన్ మ్యాచ్ ఉన్నది, పంపుండ్రి." మా బావ పంపుదామనే అన్నడు. ఫీజు కట్టినం, కిట్ కొన్నం, సెలక్షన్ మళ్ళ మళ్ళ రాదు. అక్క తలుపుకు అడ్డం నిలబడ్డది కాబట్టి ఆగినం, మాకు తెలివి ఉండి కాదు.

సీటీ నార్మల్ అన్న మాట మీద అందరం ఎట్ల మోసపోతమో నాకు నేను ఇట్ల సమజ్ చేసుకున్న. ఆర్టీసీ బస్సు ఫుల్‌గ పోతుంటది, డ్రైవర్ సడన్ బ్రేక్ కొడ్తడు. బస్సుకు గీత కూడ పడదు. లోపల నిలబడ్డోళ్ళు మాత్రం ఒకరి మీద ఒకరు పడి, రాడ్‌కు తల తాకి, గాజులు పగిలి, నానా ఆగం అయితరు. పుర్రె అంటే బస్సు, లోపల నీళ్ళల్ల తేలుతున్న మెత్తటి మెదడు ప్యాసింజర్లు. సీటీ స్కాన్ బస్సు బాడీని, లోపల ఎవరికన్న నెత్తురు కారిందా అనేది చూసి రైట్ రైట్ అంటది, మెడలు పట్టేసినోళ్ళు దానికి కనపడరు. హెల్మెట్ కూడ అంతే, పుర్రె పగలకుండ కాపాడ్తది, అందుకే ఖచ్చితంగ పెట్టుకోవాలె, కాని లోపల మెదడు ఊగకుండ ఆపే హెల్మెట్ ఇప్పటిదాక లేదు. తలకే తగలాలని కూడ లేదు, భుజానికో ఛాతీకో గట్టిగ గుద్దితే మెడ ఝటక్‌మని ఊగినా చాలు. కబడ్డీల డిఫెండర్లు చైన్ పట్టుకొని రైడర్‌ను మ్యాట్ మీద ఎత్తేసినప్పుడు జరిగేది అదే.

ఇంకోటి, "కండ్లు తిరిగి పడిపోలే కదా" అంటరు. అది నేనూ అన్న. కంకషన్ అయినోళ్ళల్ల స్పృహ తప్పేది 10 శాతం కన్న తక్కువ మందికే. మిగిలినోళ్ళు నిలబడే ఉంటరు, నడుస్తరు, మాట్లాడ్తరు, బొటనవేలు కూడ చూపెడ్తరు.

ఈ ఉత్తరంల నా అసలు మాట ఇక్కడ ఉన్నది. మోకాలికి దెబ్బ తాకితే "ఎట్లున్నదిరా" అని అడుగుతం, మోకాలు నొప్పి పెడ్తది, మెదడు ఆలోచించి జవాబు చెప్తది. తలకు తాకినప్పుడు జవాబు చెప్పాల్సిన మెదడుకే దెబ్బ తాకి ఉన్నది. దాన్నే పట్టుకొని ఓకేనా అని అడుగుతున్నం, అది ఓకే అంటే ఆడిస్తున్నం. పైన వానికి ప్లేస్ పోతదని భయం, నాన్న బౌండరీ దగ్గర నిలబడి చూస్తున్నడని భయం, దోస్తులు పోరి లెక్క ఏడ్చిండు అంటరని భయం. (పోరిలు కూడ ఆడుతున్నరు సార్ ఇప్పుడు మన గ్రౌండ్లల్ల, ఫుట్‌బాల్ లాంటి ఆటల్ల కంకషన్లు వాళ్ళకే ఎక్కువని తేలింది, ఆ మాట అనేటప్పుడు జర చూసుకోవాలె.) అందుకే అడగకండి. తలకు తాకిందా, చూసినోళ్ళకు డౌట్ వచ్చిందా, ఆ రోజుకు బయటికి తీయండి, వాడు ఎంత బతిమాలినా సరే.

ఆ రోజుకు ఎందుకు అంటే, దెబ్బ తాకినంక మెదడు కణాలల్ల లోపలి లవణాలు బయటికి, బయటివి లోపలికి పోయి లెక్క తప్పుతది, దాన్ని మళ్ళ సరిచేసుకోనీకి వాటికి మస్తు శక్తి కావాలె, కాని సరిగ్గ అప్పుడే రక్తం సప్లై తగ్గుతది. ఇది గంటల తోని అయిపోయేది కాదు, రోజులు పడ్తది. ఆ టైమ్‌ల ఇంకో దెబ్బ పడ్తే, చిన్నదైనా సరే, కొన్నిసార్లు మెదడు వాచిపోయి నిమిషాలల్ల ప్రాణం మీదికి వస్తది, చాలా అరుదు గాని వచ్చింది ఎక్కువ పిల్లలకే. కెనడాల రోవన్ స్ట్రింగర్ అని 17 ఏండ్ల అమ్మాయి, స్కూల్ రగ్బీ టీమ్ కెప్టెన్, 2013ల కొద్ది రోజుల తేడాతోని తలకు దెబ్బల మీద దెబ్బలు తాకి చనిపోయింది. తనకు కంకషన్ అయి ఉంటదని ఆ పిల్ల ఫోన్‌ల దోస్తులకు మెసేజ్ పెట్టింది, నెట్‌ల లక్షణాలు వెతికింది. పెద్దోళ్ళకు ఎవరికీ చెప్పలే. దాని మీద అక్కడి అంటారియో రాష్ట్రంల 2018ల ఆ పిల్ల పేరు తోనే చట్టం తెచ్చిన్రు, తలకు దెబ్బ తాకితే ఆట నుంచి తీసేయాల్సిందే, డాక్టర్ చెప్పేదాక తిరిగి దింపొద్దని. అమెరికాల అయితే వాషింగ్టన్ రాష్ట్రం 2009లనే తెచ్చింది, ఐదేండ్లల్ల 50 రాష్ట్రాలల్ల అట్లాంటి చట్టాలు వచ్చినయి.

ఇప్పటిదాక చెప్పింది ఆ వారం, ఆ నెల సంగతి. నాకు నిద్ర పట్టకుండ చేసింది 30, 40 ఏండ్ల తర్వాతి సంగతి.

ఇది కొత్తగ కనిపెట్టింది కాదు. 1928లనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ బాక్సర్ల మీద రాసిండు, దెబ్బలు తిని తిని తాగినోళ్ళ లెక్క తూలుతరు, మాట ముద్దగ వస్తది, మతి తప్పుతది అని. అందరూ అది బాక్సింగ్ కర్మ అనుకొని ఊరుకున్నరు. 2002ల అమెరికా ఫుట్‌బాల్‌ల (మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకొని గుద్దుకునే ఆట) పెద్ద స్టార్ మైక్ వెబ్‌స్టర్ 50 ఏండ్లకే పోయిండు, ఒకప్పుడు నాలుగు కప్పులు గెలిచినోడు చివరికి ట్రక్కుల పడుకునే స్థితికి వచ్చిండు. నైజీరియా నుంచి వచ్చిన బెనెట్ ఒమాలు అనే డాక్టర్ ఆయన మెదడు కోసి చూస్తే పైకి మామూలుగనే ఉన్నది, మైక్రోస్కోప్ కింద టావ్ అనే ప్రొటీన్ చిక్కులు చిక్కులుగ పేరుకొని ఉన్నది. సీటీఈ అంటరు దాన్ని, క్రానిక్ ట్రామాటిక్ ఎన్సెఫలోపతి. 2005ల ఆయన అది పేపర్‌గ రాస్తే ఆ ఆట నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ కమిటీ డాక్టర్లే వెనక్కి తీసుకొమ్మని ఉత్తరం రాసిన్రు. తర్వాత అదే లీగ్ 2013ల పాత ప్లేయర్లకు 76 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తమని రాజీకి వచ్చింది. ఏండ్లకు ఏండ్లు ఏం లేదు ఏం లేదు అన్న నోరే.

2017ల అదే లీగ్‌ల ఆడిన 111 మంది మెదళ్ళు చూస్తే 110 మందికి సీటీఈ ఉన్నది అన్న వార్త మీరు కూడ చూసి ఉంటరు. అయితే ఒక మాట, లెక్కలు రాసేటోన్ని కాబట్టి చెప్తున్న, అవన్ని ఇంటోళ్ళకు అనుమానం వచ్చి ఇచ్చిన మెదళ్ళు, అంటే ఆడిన ప్రతోనికి వస్తది అని కాదు. సీటీఈ అనేది ఖాయంగ చెప్పాలంటే మనిషి పోయినంకనే, బతికున్నోళ్ళకు అది ఉన్నదని తేల్చే టెస్ట్ లేదు. ఒక్కసారి కంకషన్ అయి, సరిగ్గ రెస్ట్ తీసుకొని బాగైన పిల్లగానికి జీవితం పాడైందని కూడ ఎవరూ అంటలేరు. మళ్ళ మళ్ళ తగిలేవి, ఓకే ఓకే అని చుక్కలల్ల కలిపేసినవి, కంకషన్ దాక పోని చిన్న చిన్న దెబ్బలు కూడ, ఇవన్ని ఏండ్ల తరబడి జమ అయితయి, ప్రమాదం అక్కడ.

ఫుట్‌బాల్ కోచ్ సార్లు, ఇది మీకు. 2019ల స్కాట్లాండ్ డాక్టర్లు 7,676 మంది పాత ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ల రికార్డులు తీసి, అదే వయసు మామూలు మనుషులు 23,000 మంది తోని పోల్చిన్రు. గుండె జబ్బు తోని, లంగ్ క్యాన్సర్ తోని పోయినోళ్ళు ఆటగాళ్ళల్ల తక్కువ. ఆట ఒంటికి మంచిది, దాంట్ల రెండో మాట లేదు. మెదడు కరిగిపోయే జబ్బులతోని పోయినోళ్ళు మాత్రం మూడున్నర రెట్లు ఎక్కువ. తర్వాత ఏ పొజిషన్‌ల ఆడినోళ్ళకు ఎంత అని చూస్తే డిఫెండర్లకు ఐదు రెట్ల దాక పోయింది, గోల్‌కీపర్లకు మామూలు మనుషుల లెక్కనే ఉన్నది. అదే గ్రౌండ్, అదే జీతం, అదే తిండి. తేడా ఏందో మీకు నేను చెప్పాల్నా, బాల్‌ను తలతోని కొట్టేదెవరు, చేతుల తోని పట్టేదెవరు. ఇంగ్లండ్‌ల జెఫ్ యాస్టిల్ అని హెడర్లకు పేరుపడ్డ స్ట్రైకర్, 59 ఏండ్లకు మతి పోయి చనిపోతే 2002ల అక్కడి కరోనర్, అంటే చావుకు కారణం తేల్చే అధికారి, రాసింది ఏందంటే, ఇది చేసిన పని వల్ల వచ్చిన జబ్బు అని. గని కార్మికులకు రాసినట్టు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయన దోస్తు చాచా యాదికొచ్చిండు. బార్కస్ దిక్కు పెరిగిన మనిషి, డిపార్ట్‌మెంట్ టీమ్‌ల సెంటర్ హాఫ్. అప్పటి తోలు బాల్ వానకు నీళ్ళు తాగి ఇటుక లెక్క అయితుండెనట, లేసు ముడి నొసటి మీద అచ్చు పడుతుండెనట, అది గొప్పగ చూపెడ్తుండె మాకు చిన్నప్పుడు. ఇప్పుడు ఇరానీ హోటల్‌ల కూసుంటే ముందట ఉన్న ఉస్మానియా బిస్కెట్లు లెక్కపెడ్తడు, రెండు, మళ్ళ మొదటి సంది ఒకటి, రెండు. నన్ను మా నాయన పేరుతోని పిలుస్తడు. హెడర్ల వల్లనే అట్ల అయిండని నేను అంటలేను, ముసలితనం, షుగర్, సవాలక్ష ఉంటయి. తెలుసుకునే దారి ఇంక లేదు. కాని స్కాట్లాండ్‌ల, ఇంగ్లండ్‌ల, అమెరికాల చిన్నపిల్లలకు హెడింగ్ ప్రాక్టీస్ బంద్ పెట్టిన్రు. స్కాట్లాండ్ 2020ల 12 ఏండ్ల లోపోళ్ళకు ట్రైనింగ్‌ల తీసేసింది. మన దగ్గర ఎనిమిదేండ్ల పిల్లలను లైన్‌ల నిలబెట్టి బాల్ మీదికి విసిరి "తల పెట్టురా, భయమా?" అని అరిచే సీన్ నేను పోయిన నెలనే చూసిన, ఎక్కడో చెప్పను.

మన హైదరాబాద్‌కు ఇది చెప్పుడు ఇంక కష్టం, ఎందుకంటే మన కథలు అట్లాంటివి. రహీం సాబ్ మన ఊరోడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌ను నాలుగో ప్లేస్ దాక తీసుకపోయిన కోచ్. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను, డిఫెండర్‌ను, తెచ్చి ఫార్వర్డ్‌గ దింపిండు, ఫైనల్‌ల వాడు గోల్ కొట్టిండు, కొరియా మీద 2-1, గోల్డ్ మెడల్. ఈ కథ మా నాయన చెప్తుంటే నాకు ఇప్పటికీ వెంట్రుకలు లేస్తయి. 2002ల కుంబ్లే పగిలిన దవడకు కట్టు కట్టుకొని వచ్చి లారాను అవుట్ చేసిన ఫోటో ఎన్ని అకాడమీల గోడల మీద ఉన్నదో మీకే తెలుసు. వాళ్ళను తక్కువ చేసేటంత పెద్దోన్ని కాదు. వాళ్ళు పెద్దోళ్ళు, దేశానికి ఆడిన్రు, తెలిసే దిగిన్రు. ఆ కథ పట్టుకొని 14 ఏండ్ల పోరన్ని, అండర్-16 లీగ్ మ్యాచ్‌ల, పదిమంది చూసే ఆటల, తల తిరుగుతుంటే కూడ నిలబడు అంటే, దవడ వేరు మెదడు వేరు సార్.

పోనీ ఇప్పటి కథలు చెప్పుకుందాం. 2019 ఆగస్టు 1 సంది ఇంటర్నేషనల్ క్రికెట్‌ల కంకషన్ సబ్‌స్టిట్యూట్ రూల్ వచ్చింది, అంటే కంకషన్ అయినోని బదులు ఇంకొకన్ని దింపొచ్చు. ఆ నెలనే లార్డ్స్‌ల ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బాల్ మెడకు తగిలి ఆస్ట్రేలియా స్టీవ్ స్మిత్ పడిపోయిండు. బయటికి తీసుకపోయి డాక్టర్లు టెస్టులు చేసిన్రు, అన్ని పాసైండు, తిరిగి వచ్చి 92 దాక ఆడిండు కూడ. తెల్లారి లేచేసరికి తల బరువు, మత్తు. అప్పుడు తీసేసి లబుషేన్‌ను దింపిన్రు, ఇంటర్నేషనల్ క్రికెట్‌ల మొదటి కంకషన్ సబ్ ఆయననే. ఇక్కడ చూడుండ్రి, టీమ్ డాక్టర్, కెమెరాలు, ముందే తీసిపెట్టుకున్న టెస్ట్ రికార్డు, అన్ని ఉండి కూడ ఆ రోజు దొరకలే, రాత్రి గడిస్తే గాని బయటపడలే. మన గ్రౌండ్‌ల ఏముంటది, ఐస్ డబ్బా, మూవ్ స్ప్రే. ఆస్ట్రేలియా పుకోవ్‌స్కీ, అంత టాలెంట్ ఉన్న పోరడు, కంకషన్ల మీద కంకషన్లు అయి 27 ఏండ్లకే 2025ల ఆట బంద్ పెట్టిండు. 2003ల ఇంగ్లండ్‌కు రగ్బీ వరల్డ్ కప్ గెలిపిచ్చిన టీమ్‌ల ఉన్న స్టీవ్ థాంప్సన్, 40 దాటంగనే డిమెన్షియా అని తేలింది, ఆ కప్పు గెలిచింది తనకు యాదికే లేదన్నడు. మెడల్ ఇంట్ల ఉంటది, మ్యాచ్ తలల లేదు.

మీరు అడిగేవి నాకు తెలుసు, చెట్టు కింద కూసొని అన్ని వింట. "ఇట్లయితే పిల్లలు నాజూకు అయిపోతరు" అంటరు. ఒక మ్యాచ్ బయట కూసుంటే నాజూకు అయ్యేటోడు ఎట్లాగూ ఆడడు. "పది మందితోని ఎట్ల ఆడాలె" అంటరు, ఇది న్యాయమైన మాట, దీనికి లీగ్ పెట్టేటోళ్ళే జవాబు చెప్పాలె. తలకు దెబ్బ తాకితే పన్నెండోడు బ్యాటింగ్, బౌలింగ్ కూడ చేయొచ్చు అని మీ రూల్స్ పేపర్‌ల ఒక్క లైన్ రాయండి, టాస్ ముందు ఇద్దరు కెప్టెన్లకు చదివి వినిపియ్యండి. దొంగ దెబ్బలు చెప్పి మంచి ప్లేయర్‌ను దింపుతరు అంటరా, 2020ల జడేజా ప్లేస్‌ల చహల్ వచ్చి మూడు వికెట్లు తీసినప్పుడు కూడ ఇదే లొల్లి అయింది, అయినా రూల్ ఉన్నది, ఎందుకంటే ఒక మ్యాచ్ మోసం పోతే పోతది, తలకాయ పోతే రాదు. "సెలక్షన్ సంగతి ఏంది" అంటరు. ఇంకో రోజు ట్రయల్ పెట్టండి సార్, ఏమైతది. దెబ్బ దాచిపెట్టుకోనీకి పిల్లలకు ఉన్న అన్నిటికన్న పెద్ద కారణం ఆ ఒక్క శనివారమే.

తర్వాతిది ఇంటోళ్ళకు చెప్పుడు. పిల్లగాడు గేటు దాటకముందే అమ్మకో నాన్నకో ఫోన్ చేసి తలకు తాకింది అని చెప్పాలె, వాడే చెప్పుకుంటడు అనుకోవద్దు, మావోడు చెప్పలే. తలనొప్పి పెరుగుతా పోతుంటే, మళ్ళ మళ్ళ వాంతులు అయితే, లేపితే సరిగ్గ లేవకపోతే, ఫిట్స్ వస్తే, కాలో చెయ్యో వశం తప్పితే, ఒక కంటి నల్లగుడ్డు పెద్దగ కనపడ్తే ఆలోచించొద్దు, 108కి కొట్టి దవాఖానకు. అవేం లేకపోతే ఒకటి రెండు రోజులు రెస్ట్, ఫోన్ తక్కువ, తర్వాత మెల్లగ నడక, తర్వాత ఉరుకుడు, తర్వాత ఒక్కడే నెట్స్, డాక్టర్ సరే అన్నంకనే మ్యాచ్. ముందు స్కూలు, తర్వాతనే ఆట. బ్రిటన్‌ల 2023ల చిన్న క్లబ్బుల కోసం తీసిన గైడ్‌ల 21 రోజుల లోపల మ్యాచ్ ఆడనియ్యొద్దని రాసిన్రు. మనకు ఐదో రోజు ఫోన్ వస్తది.

దీంట్ల దేనికి పైసలు కావాలో చెప్పుండ్రి. బౌలింగ్ మిషిన్‌కు లక్షలు పెడ్తరు, తప్పు లేదు. ఇది ఒక నోట్‌బుక్కు, ఒక ఫోన్ కాల్, రూల్స్ పేపర్‌ల ఒక లైన్.

నోట్‌బుక్కు నేను మొదలుపెట్టిన. జూన్ సంది నా స్కోర్ బుక్‌ల కొత్త గుర్తు ఉన్నది, బాల్ తలకు తాకితే చుక్క చుట్టూ చిన్న త్రికోణం, పక్కకు టైమ్. లెగ్ బై 4 అయితే 4 చుట్టూ త్రికోణం. క్రికెట్ రూల్స్ రాసే ఎంసీసీ వాళ్ళు చెప్పింది కాదు, నా సొంతం. ఒక ఆదివారం మ్యాచ్ అయినంక ఒక కెప్టెన్ వచ్చి బుక్ చూసి "అంకుల్ ఇదేంది, త్రికోణాలు గీసుకుంట టైంపాస్ చేస్తున్నవా" అన్నడు, చెప్పిన, కొంచెంసేపు చూసి, తన పేరు పక్కన ఉన్నది చూసుకొని, ఏం మాట్లాడకుండ పోయిండు. వానిది 19 ఏండ్లు ఉంటయేమో. ఆ త్రికోణం పక్కన టైమ్ 10:40, వాడు 11:30 దాక ఆడిండు ఆ రోజు.

మావోడు బాగనే ఉన్నడు ఇప్పుడు. కీపింగ్ మళ్ళ మొదలుపెట్టిండు, ఇంకో అకాడమీల. చదువుల కొంచెం వెనకపడి అందుకున్నడు. స్కోర్ అడిగినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటది, వాడు కావాలనే రెండుసార్లు అడిగి నవ్వుతడు వెధవ.

ఈ ఆదివారం కూడ పొద్దున 7 గంటలకు గ్రౌండ్‌ల ఉంట. నేను త్రికోణం గీసినంక లేచి అంపైర్‌కు చెయ్యి ఊపుత. ఆ పిల్లగాన్ని బయటికి పిలిస్తే మంచిది. పిలవకుండ "ఓకేనా" అని అడిగి వాన్ని అక్కడనే నిలబెడ్తే, నేను పెన్ను క్యాప్ పెట్టి బుక్ మూసేస్త. స్కోర్ మీరే రాసుకోండి.

ఇట్లు
మీ స్కోరర్, సికింద్రాబాద్